పెడల్స్ లేని చిన్న సైకిల్: మీ పిల్లలకు ఏ బ్యాలెన్స్ బైక్ సరిపోతుంది?

బ్యాలెన్స్ బైక్ కొనాలనుకుంటే, ఫోన్లో ఫొటోలు చూడటం మొదలుపెట్టే ముందే ఇంట్లో రెండు పనులు చేసేయండి. పిల్లకు బూట్లు తొడిగి గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ల సందు నుంచి నేల దాకా ఎంత ఉందో టేపుతో కొలవండి. తర్వాత బరువు తూచండి. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే మార్కెట్లో కనిపించే మోడళ్లలో చాలావాటిని చూడాల్సిన పనే ఉండదు. రంగు, బ్రాండు, డబ్బా మీద రాసిన వయసు, ముందు తగిలించిన బుట్ట, ఇవన్నీ ఆ తర్వాతి సంగతి.

ఈ బండి గురించి ఇప్పుడే వింటున్నవాళ్లకు రెండు మాటలు. దీనికి పెడల్స్ ఉండవు, చైన్ ఉండదు. పిల్లలు సీటు మీద కూర్చుని కాళ్లతో నేలను తన్నుకుంటూ ముందుకు వెళ్తారు. మొదట్లో నడక, తర్వాత పరుగు, ఆ తర్వాత ఒకరోజు రెండు కాళ్లూ పైకెత్తి బండిని దానంతట అది పోనిస్తారు. ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల దాకా దీనికి సరైన వయసు.

ఇంట్లో పెద్దవాళ్లు మొదట అడిగేది "పెడల్స్ లేని సైకిలేంట్రా, దానికి ఇంత డబ్బా?" అనే. అలా అడిగిన తాతయ్యను ఆయన సైకిల్ ఎలా నేర్చుకున్నారో చెప్పమనండి. గంటకు ఇంతని అద్దెకు తెచ్చిన పెద్ద సైకిల్. సీటు అందదు. ఒక పెడల్ మీద కాలు పెట్టి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ వీధి చివరిదాకా వెళ్లడం. కొన్నాళ్లకు ఆ రెండో కాలు కూడా కాసేపు గాల్లో ఉంచడం. బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కింది ఆ తర్వాతే. అంటే మన ఊళ్లలో అందరూ ముందు బ్యాలెన్స్, తర్వాత తొక్కుడు అనే వరసలోనే నేర్చుకున్నారు. మధ్యలో సైడ్ వీల్స్ వచ్చి ఆ వరసను తిరగేశాయి. అసలు మొట్టమొదటి రెండు చక్రాల బండికే పెడల్స్ లేవు. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ రోడ్డు మీదికి తెచ్చిన చెక్క బండిని పెద్దవాళ్లే కాళ్లతో తన్నుకుంటూ నడిపేవారు. ముందు చక్రానికి పెడల్స్ బిగించడం 1860ల్లో, పారిస్‌లో జరిగింది.

ట్రైసైకిల్, సైడ్ వీల్స్ సైకిల్, బ్యాలెన్స్ బైక్

రెండేళ్ల పిల్లకు ముందుగా అందరికీ గుర్తొచ్చేది మూడు చక్రాల సైకిల్. దాని మీద నాకు కోపమేమీ లేదు. హాల్లో, వరండాలో హాయిగా తొక్కుతారు, పెడల్ తిప్పడం వస్తుంది. కానీ అది సైకిల్ నేర్పే బండి అనుకోవద్దు. మూడు చక్రాల బండి ఒరగదు, కాబట్టి పిల్లలకు ఒరగడం రాదు. పైగా కాస్త వేగంగా మలుపు తిప్పితే బయటి వైపుకు బోల్తా పడుతుంది.

సైడ్ వీల్స్ సంగతి ఇంకా చిక్కు. మామూలు సైకిల్ ఎడమకు తిరగాలంటే ఎడమకు ఒరగాలి. పక్కన చక్రాలుంటే ఆ ఒరుగుడుకు చోటే ఉండదు, శరీరం ఏదో ఒక చక్రం మీదికి వాలి కూర్చోవడానికి అలవాటు పడుతుంది. ఆరేళ్లకు ఆ చక్రాలు తీసేసిన రోజు మళ్లీ మొదటి నుంచి మొదలు. మన వీధుల్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రోడ్డు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే రెండు పక్క చక్రాలూ ఎత్తు మీదికెక్కి, మధ్యలో అసలు చక్రం గాల్లో వేలాడుతుంది. అప్పుడు ఎంత తొక్కినా బండి కదలదు, వెనక బ్రేకు నొక్కినా ఆగదు.

పోర్చుగల్ పరిశోధకులు ఏ బండితో మొదలుపెట్టినవాళ్లు ఏ వయసుకు సైకిల్ నేర్చుకున్నారో చాలామందిని అడిగి చూశారు. బ్యాలెన్స్ బైక్‌తో మొదలైనవాళ్లకు సగటున నాలుగేళ్లు దాటగానే వచ్చేసింది, సైడ్ వీల్స్‌తో మొదలైనవాళ్లకు ఆరేళ్లు కావస్తుండగా వచ్చింది. తొందరగా నేర్చుకుంటే ఒరిగేదేమిటని అడగొచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. నాకు ఇందులో నచ్చేది వయసు కన్నా, నేర్చుకునేటప్పుడు భయం లేకపోవడం. రెండు పాదాలూ నేల మీదే ఉంటాయి కాబట్టి పడిపోతానన్న టెన్షన్ ఉండదు, వెనక సీటు పట్టుకుని నడుం వంచి పరిగెత్తే నాన్న అవసరమూ ఉండదు.

కాబట్టి మూడున్నర లోపు పిల్లలకైతే బ్యాలెన్స్ బైకే కొనమంటాను. నాలుగున్నర దాటిన, కాస్త పొడుగున్న పిల్లలకు మాత్రం వద్దంటాను. వాళ్లకు చవకైన దారి ఒకటుంది, అది తర్వాత చెబుతాను.

సీటు ఎత్తు తప్పితే ఏదీ పనికిరాదు

సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్లు కొద్దిగా వంగి ఉండాలి. మునివేళ్లు మాత్రమే అందితే ఆ బండి ఇంకా పెద్దదే. లెక్క తేలిక. ఇందాక కొలిచిన కాలి కొలత నుంచి రెండు మూడు సెంటీమీటర్లు తీసేయండి. కొలత 36 వస్తే సీటు 33 దగ్గర ఉండాలి. బండి సీటు కనీస ఎత్తు అంతకన్నా తక్కువ అయితేనే ఈరోజు పనికొస్తుంది. 36 కొలత ఉన్న పిల్లకు 35 కనీస ఎత్తున్న బండి కొంటే, "కొన్నాళ్లు పోతే సరిపోతుందిలే" అని మూలన పెట్టడమే అవుతుంది. ఆ మూలన ఉన్నన్నాళ్లూ దాని మీద పిల్లకు ఉన్న మోజు కూడా పోతుంది.

డబ్బా మీద "2+ ఏళ్లు" అని రాసి ఉంటుంది చూడండి, దాన్ని నమ్మి కొనవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం రెండేళ్లకు మధ్యస్థ ఎత్తు సుమారు 87 సెంటీమీటర్లు. కానీ 82 ఉన్న పిల్లాడూ ఆరోగ్యంగా ఉన్నట్టే, 92 ఉన్న పిల్లాడూ అంతే. ఈ ఇద్దరికీ ఒకే బండి ఎలా సరిపోతుంది?

ఆన్‌లైన్ పేజీల్లో ఒక తిరకాసు ఉంటుంది. "ఎత్తు" అని ఒక అంకె కనిపిస్తుంది, తీరా చూస్తే అది హ్యాండిల్ ఎత్తు. మీకు కావాల్సింది సీటు కనీస ఎత్తు, గరిష్ఠ ఎత్తు. ఆ రెండూ స్పష్టంగా రాయని పేజీని మూసేయడం మంచిది, లేదా ప్రశ్నల దగ్గర అడిగి జవాబు వచ్చాకే కొనండి. ఒక కొలమానం కావాలంటే, అమెరికా కంపెనీ స్ట్రైడర్ తయారుచేసే 12 అంగుళాల స్పోర్ట్ మోడల్ సీటు సుమారు 28 నుంచి 48 సెంటీమీటర్ల దాకా జరుగుతుంది, బండి బరువు మూడు కిలోల చుట్టూ ఉంటుంది. దాన్నే కొనమని కాదు, దిగుమతి ధర చాలామందికి అందదు. కానీ మిగతావాటిని దాని పక్కన పెట్టి చూస్తే ఏది ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. కనీస ఎత్తు 30 చుట్టూ, గరిష్ఠం 42 పైన ఉన్న బండి ఏదైనా కొన్నాక రెండేళ్లకు పైగా నడుస్తుంది.

చక్రాల సైజు కూడా ఇక్కడే తేలిపోతుంది. ఎక్కువ బండ్లు 12 అంగుళాలవి. డెకథ్లాన్ అమ్మే చిన్న రన్‌రైడ్ లాంటివి 10 అంగుళాలవి. 10 అంగుళాల బండి పొట్టి పిల్లలకు సులువు, తొందరగా చిన్నదైపోతుంది. 14 అంగుళాలది నాలుగేళ్ల వాళ్ల కోసం. అయినా చక్రం చిన్నది కాబట్టి సీటు కిందికి దిగుతుందని అనుకోకండి. 10 అంగుళాల బండ్లలోనూ సీటు ఎత్తుగా పెట్టినవి ఉన్నాయి.

బరువు

చాలామంది చూడనిది ఇదే. పిల్లల బరువులో 30 శాతం దాటని బండి మంచిదని సైకిల్ వాళ్లు చెప్పుకునే లెక్క ఒకటుంది. రెండేళ్ల పిల్లలు 12 కిలోల చుట్టూ ఉంటారు, అంటే మూడున్నర కిలోల బండి. మూడేళ్లకు 14 కిలోలు అనుకుంటే నాలుగు కిలోల దాకా ఫర్వాలేదు. ఐదు కిలోల బండిని రెండేళ్ల పిల్లకు ఇవ్వడమంటే 65 కిలోల మనిషి చేతిలో 27 కిలోల సైకిల్ పెట్టడం. దాన్ని ఎవరు లేపుతారు, ఎవరు తిప్పుతారు?

బరువు తేడా పడ్డప్పుడు తెలుస్తుంది. తేలిక బండి అయితే పిల్ల లేచి తనే దాన్ని లేపుకుని మళ్లీ ఎక్కుతుంది. బరువైనదైతే ఏడుస్తూ అమ్మ కోసం చూస్తుంది. ఇంకో సంగతి, పార్కులో అరగంట ఆడాక "ఎత్తుకో" అనే రోజు తప్పకుండా వస్తుంది. అప్పుడు ఒక చంకలో పిల్ల, ఇంకో చేతిలో బండి. ఆ సాయంత్రం మీకు అర కిలో విలువ బాగా తెలుస్తుంది.

షాపులో ఒంటి చేత్తో ఎత్తి చూడండి. ఆన్‌లైన్‌లో అయితే బండి బరువు, ప్యాకింగ్ బరువు వేరువేరుగా రాశారో లేదో గమనించండి.

టైర్లు: మీ ఇంటి ముందు నేల ఎలా ఉంది?

టైర్ల విషయంలో ఇది మంచిది, అది చెడ్డది అని చెప్పలేం. మీరు ఎక్కడ ఉంటారన్నదే తేలుస్తుంది.

మూడు రకాలు. ఫోమ్ టైర్లు, వీటినే ఈవీఏ అంటారు, హవాయి చెప్పుల అట్టలాంటి పదార్థం. గాలి టైర్లు, లోపల ట్యూబు ఉండేవి. గట్టి ప్లాస్టిక్ చక్రాలు, చవక బండ్లకు వచ్చేవి.

అపార్ట్‌మెంట్ కారిడార్, సెల్లార్, పార్కులో టైల్స్ బాట, ఇవే మీ దారులైతే ఫోమ్ టైర్లు చాలు. తేలిగ్గా ఉంటాయి, పంక్చర్ అనే మాట ఉండదు, గాలి చూసుకునే పని లేదు. వీటి లోపం పట్టు. వాన పడ్డాక టైల్స్ మీద, నున్నటి పెయింట్ వేసిన పార్కింగ్ నేల మీద జారతాయి. బాల్కనీలో ఎండకు వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి ఇంకా జారతాయి. కుదుపు కూడా బాగానే తెలుస్తుంది, అయితే రెండేళ్ల పిల్లల వేగానికి అది పెద్ద విషయం కాదు.

మట్టి రోడ్డు, కంకర, పగుళ్లు పడ్డ సిమెంట్ వీధి, లేదా గడ్డి మైదానం అయితే గాలి టైర్లదే పైచేయి. రాళ్ల మీద బండి ఎగరకుండా నిలబడుతుంది. కానీ మన వైపు ఖాళీ స్థలాల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఎంత ఉంటాయో మీకు తెలుసు. ఊళ్లో, లేదా కొత్త లేఅవుట్ల మధ్య ఉండేవాళ్లకు పంక్చర్లు తప్పవు. పంక్చర్ షాపతను 12 అంగుళాల ట్యూబుకైనా ప్యాచ్ వేస్తాడు, అది సమస్య కాదు. సమస్య ట్యూబు మార్చాల్సి వచ్చినప్పుడు. టైరు పక్కన 12½ × 2¼ అని ముద్రించి ఉంటే అది చాలా పిల్లల సైకిళ్లకు వాడే సైజే, దొరుకుతుంది. వింత సైజు ఉంటే కొనకముందే విడి ట్యూబు ఎక్కడ దొరుకుతుందో అడగండి.

విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్లు ట్యూబుకు గాలి పట్టించే మూతి, అంటే వాల్వు, కూడా చూసుకోవాలి. బయటి బండ్లలో ఎక్కువగా మోటార్‌సైకిల్ ట్యూబుకు ఉండే వాల్వే ఉంటుంది. మన పాత సైకిల్ పంపు దానికి పట్టదు. పెట్రోల్ బంకులో గాలి పట్టించొచ్చు గానీ, అంత చిన్న ట్యూబు క్షణాల్లో నిండిపోతుంది. కాబట్టి చిన్న చేతి పంపు ఒకటి ఇంట్లో ఉంటే మంచిది.

గట్టి ప్లాస్టిక్ చక్రాల గురించి ఒక్క మాట చాలు: వద్దు. ఇంట్లో టైల్స్ మీద అవి చేసే చప్పుడుకు కింది ఫ్లోర్ వాళ్లు పైకొస్తారు, బయట నేల మీద అసలు పట్టుండదు.

ఇనుము, అల్యూమినియం, చెక్క

మన మార్కెట్లో ఎక్కువ బండ్లు స్టీల్ ఫ్రేమువే. బరువు హద్దులో ఉంటే స్టీల్‌కు వంక పెట్టక్కర్లేదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బోల్టులు, వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు తొందరగా పడుతుంది, కాబట్టి రాత్రిళ్లు లోపల పెట్టుకోవాలి. అల్యూమినియం, మెగ్నీషియం మిశ్రమం ఫ్రేములు ఇనుములా తుప్పు పట్టవు, ధర కాస్త ఎక్కువ. చాలాసార్లు తేలిక కూడా, అయినా తూచి చూడందే నమ్మకండి.

చెక్క బండ్లు చూడముచ్చటగా ఉంటాయి. 1990ల చివర్లో జర్మనీలో పిల్లల కోసం ఈ పద్ధతి మళ్లీ మొదలైంది కూడా చెక్క బండ్లతోనే. కానీ ఇక్కడి వాతావరణానికి నేను వాటిని కొనమనను. వానాకాలం తేమకు ఉబ్బి, ఎండకు ఎండి, బోల్టు రంధ్రాలు వదులవుతాయి. చాలా చెక్క బండ్లలో సీటు రెండు మూడు మెట్లలోనే జరుగుతుంది, మధ్యలో ఆపడం కుదరదు. ఏసీ గదిలో బొమ్మలా ఉంచుకుంటామంటే మీ ఇష్టం.

ఏడాది పిల్లలకని నాలుగు చిన్న చక్రాలతో, హ్యాండిల్‌తో వచ్చే బుల్లి బండ్లను కూడా బ్యాలెన్స్ బైక్ అనే పేరుతో అమ్ముతున్నారు. చక్రాలు జంటలుగా ఉంటాయి, బండి దానంతట అదే నిలబడుతుంది. నిలబడే బండి బ్యాలెన్స్ ఏం నేర్పుతుంది? కూర్చుని తోసుకునే బొమ్మగా అది మంచిదే. పుట్టినరోజు కానుకగా ఎవరైనా ఇస్తే సంతోషంగా తీసుకోండి. మీ డబ్బుతో కొనేటట్టయితే ఇంకో ఆరు నెలలు ఆగి అసలుది కొనండి.

బ్రేకు కావాలా?

రెండేళ్ల వాళ్లకు అక్కర్లేదు. వాళ్ల వేళ్లకు బ్రేకు లివర్ అందదు, అందినా నొక్కే బలం ఉండదు. కాళ్లే వాళ్ల బ్రేకులు. బ్రేకు వల్ల బరువు, ధర పెరుగుతాయి, అంతే.

మూడు దాటాక లెక్క మారుతుంది, ముఖ్యంగా మీ చుట్టుపక్కల వాలు ఉంటే. చదును వీధుల్లో ఉండేవాళ్లకు ఇది పెద్ద ప్రశ్న కాదు. హైదరాబాద్‌లో గుట్టల మీద కట్టిన కాలనీల్లో, విశాఖలో కొండవాలు వీధుల్లో ఉండేవాళ్లకు ప్రశ్నే. కాళ్లెత్తి జారడం వచ్చిన పిల్లలు మనం అనుకున్నదానికన్నా చాలా వేగంగా వెళ్తారు. బ్రేకు ఉన్నది తీసుకుంటే అది వెనక చక్రానికే ఉండాలి. లివర్ పిల్లల చేతికి తగ్గ చిన్నదై, మీ చిటికెన వేలితో నొక్కితే కదిలేంత మెత్తగా ఉండాలి. ఆస్ట్రియా కంపెనీ వూమ్ తన చిన్న బండికి ఇలాంటి చేతి బ్రేకు ఇస్తుంది, యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లకు అది, జర్మనీ కంపెనీ పుకీ బండ్లు సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతాయి. మూడేళ్లకే చేతి బ్రేకు అలవాటైతే పెడల్ సైకిల్ మీద ఒక పాఠం తగ్గుతుంది.

ఎంత మంచి బ్రేకు ఉన్నా సెల్లార్ ర్యాంప్ మీదికి మాత్రం బండిని పోనివ్వకండి. వాలు ఎక్కువ, మలుపు అవతల ఏం వస్తుందో కనిపించదు, కారులో కూర్చున్నవాళ్లకు ఇంత ఎత్తు పిల్ల అసలు కనిపించదు. అపార్ట్‌మెంట్లలో ఈ బండికున్న పెద్ద ప్రమాదం అదే. సెల్లార్‌లో ఆడిస్తే ర్యాంప్ వైపు పెద్దవాళ్లు నిలబడాలి.

షాపులో చేతులు పెట్టి చూడాల్సినవి

హ్యాండిల్ పట్టుకునే రబ్బరు చివర గుండ్రటి బుడిపె ఉండాలి. పడ్డప్పుడు గొట్టం అంచు పొట్టలో గుచ్చుకోకుండా కాపాడేది అదే. చక్రాల బోల్టులకు తొడుగులు ఉన్నాయా, లేక బయటికి పొడుచుకొచ్చి పిక్కలకు గీరుకునేలా ఉన్నాయా చూడండి. ముందు చక్రాన్ని కాళ్ల మధ్య బిగించి హ్యాండిల్ తిప్పి చూడండి, లూజుగా ఉంటే షాపులోనే బిగించమనండి. చక్రాన్ని గాల్లో తిప్పితే చాలాసేపు తిరగాలి, పక్కలకు ఊగకూడదు. పాదాలు పెట్టుకునే పలక ఉంటే, పిల్ల అడుగులు వేసేటప్పుడు కాళ్లకు తగలకుండా ఉండాలి. మొదటి కొన్ని నెలలు దాని అవసరమే రాదు.

కొన్ని బండ్లలో హ్యాండిల్ కొంతవరకే తిరిగేలా అడ్డు పెడతారు. మొదట్లో హ్యాండిల్ పూర్తిగా మెలిపడకుండా అది ఉపయోగమే అని కొందరంటారు. నాకైతే ఆ అడ్డు లేనిదే ఇష్టం. పడేటప్పుడు హ్యాండిల్ స్వేచ్ఛగా తిరిగితే దెబ్బ తగ్గుతుంది, తిప్పడం ఎంతవరకో పిల్లలు తొందరగానే తెలుసుకుంటారు.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. డబ్బా మీద ఆ గుర్తు కింద లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది నిజమైనదో కాదో తెలుస్తుంది. రంగు పూత, పదునైన అంచుల లాంటివి పరీక్షించి ఇచ్చే గుర్తు కాబట్టి, హ్యాండిల్‌ను నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇది ఉత్త లాంఛనం అనుకోకండి.

ధర సంగతికొస్తే, ఇక్కడి కంపెనీల ఫోమ్ టైర్ల స్టీల్ బండి రెండు వేల నుంచి ఐదు వేల లోపు దొరుకుతుంది. సీటు ఎత్తు, బరువు కుదిరితే అది చాలు. పైన పెట్టే డబ్బు తేలిక ఫ్రేముకు, మంచి బేరింగులకు వెళ్తుంది. ఇద్దరు పిల్లలున్నవాళ్లకు ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో వాడిన బండ్లు తరచుగా కనిపిస్తాయి, వాటికీ నేను ఓటేస్తాను. చైన్, గేర్లు లేని బండిలో పాడయ్యేది తక్కువ. ఫోమ్ టైరు ఒకవైపు చదునుగా అరిగిందా, సీటు గొట్టం బిగింపు నిలుస్తోందా, అతుకుల దగ్గర పగుళ్లు ఉన్నాయా, ఈ మూడూ చూసి తీసుకోండి.

హెల్మెట్‌కు డబ్బు పక్కన పెట్టుకుని బండి ధర లెక్కేయండి. తల చుట్టూ టేపుతో కొలిచి తీసుకోవాలి, ఈ వయసులో 47 నుంచి 51 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. కనుబొమల పైన రెండు వేళ్ల దూరంలో కూర్చోవాలి, వెనక్కి జారి నుదురు బయటపడకూడదు. జారుడుబల్ల ఎక్కేటప్పుడు మాత్రం హెల్మెట్ తీసేయండి, పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు ప్రమాదం. కాళ్లకు వేళ్లు మూసే బూట్లు, అదీ పాతవి. బూట్ల ముందుభాగమే బ్రేకు కాబట్టి కొత్త జత ఎక్కువ రోజులు నిలవదు.

నాలుగున్నర దాటినవాళ్లకు: ఉన్న సైకిల్‌కే పెడల్స్ తీసేయడం

ఇందాక చెప్పిన చవకైన దారి ఇదే. పిల్ల కాలి కొలతకు సీటు దిగే 14 లేదా 16 అంగుళాల సైకిల్ ఉంటే, సైడ్ వీల్స్, పెడల్స్ తీసేసి, సీటు పూర్తిగా దించి ఇవ్వండి. కొన్ని వారాలు అదే మీ బ్యాలెన్స్ బైక్. బరువు ఎక్కువే, మన దగ్గర దొరికే మామూలు పిల్లల సైకిళ్లు బ్యాలెన్స్ బైక్‌కు రెండింతలకు పైగా తూగుతాయి. నాలుగున్నర ఐదేళ్ల పిల్లలు ఆ బరువు మోయగలరు. రెండేళ్ల వాళ్ల దగ్గర ఈ ఉపాయం పనిచేయదు.

పెడల్ విప్పడంలో ఒక మెలిక ఉంది. కుడి పెడల్ అందరికీ తెలిసినట్టు అపసవ్యంగా తిప్పితే వస్తుంది. ఎడమ పెడల్ మర దానికి రివర్సు, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వస్తుంది. ఇది తెలియక బలమంతా పెట్టి ఇంకా బిగించేస్తారు. సాధారణంగా 15 నంబరు స్పానర్ సరిపోతుంది. పెడల్స్ తీశాక మిగిలే క్రాంకులు, అంటే పెడల్స్‌ను పట్టి ఉంచే ఇనుప కడ్డీలు, పిక్కలకు తగులుతూ ఉంటే వాటినీ తీయించడం మేలు. క్రాంకును బిగించే కాటర్ పిన్ను అనే ఇనుప మేకు ఉన్న పాత రకం అయితే ఇంట్లో సుత్తి పట్టుకోకండి, సైకిల్ షాపతనికి అది చిటికెలో పని. తీసిన పెడల్స్ మీద ఎల్, ఆర్ అని ఉంటుంది, అలాగే కవర్లో వేసి దాచండి.

బ్యాలెన్స్ బైక్‌కే తర్వాత పెడల్స్ తగిలించుకునే టూ ఇన్ వన్ బండ్లు కూడా ఉన్నాయి. ఆలోచన బాగుంది. అయితే మూడేళ్లు నిండి, పొడుగ్గా ఉన్న పిల్లలకే అవి సరిపోతాయి. రెండేళ్ల పిల్లకు రెండు బండ్ల డబ్బు ఆదా అవుతుందని దీన్ని కొంటే ఆ బరువుతో, ఆ సీటు ఎత్తుతో మొదటి ఏడాది అంతా కష్టమే.

కొన్నాక

మొదటి రోజే జారిపోతారని ఆశ పెట్టుకోకండి. కొందరు వారాల తరబడి సీటు మీద కూర్చోకుండా బండిని కాళ్ల మధ్య పెట్టుకుని నడుస్తారు. నడవనివ్వండి. హ్యాండిల్ పట్టుకుని లాగడం, వెనక నుంచి తోయడం రెండూ చేయకండి, బ్యాలెన్స్ మీ చేతిలోకి వస్తే వాళ్లకు రాదు. ఎత్తు పెరుగుతున్న కొద్దీ రెండు మూడు నెలలకోసారి సీటు పైకి జరపండి. ఇది చాలామంది మరచిపోతారు, మోకాళ్లు మడిచి కూర్చున్న పిల్ల తన్నలేక విసుక్కుంటుంది. సీటు గొట్టం మీద హద్దుగా గీసిన ఆఖరి గీత కనిపించేంత పైకి మాత్రం లాగకూడదు.

కాళ్లు పైకెత్తి పదిహేను ఇరవై అడుగులు తూలకుండా పోతూ, మలుపు కూడా తిప్పగలిగితే పెడల్ సైకిల్‌కు సిద్ధమైనట్టే. అప్పుడు కూడా కొలత, బరువు అదే పద్ధతిలో చూడండి. షాపులో కొత్త సైకిల్ బిగించేటప్పుడు అడగకుండానే సైడ్ వీల్స్ తగిలిస్తారు. వాటిని బిగించొద్దని ముందే చెప్పండి.